హనీమూన్ ప్రయాణము - ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి

ఈస్టరు పండుగ వెళ్ళగానే మన సంఘములలో పెండ్లి ప్రకటనలు వరుసగా వినబడతాయి. ఆ ప్రకటనలు మూడు ఆదివారములు చదివేలోపు రెండు కుటుంబాలవారు బట్టలు, భోజనాలు, శుభలేఖల పనులు చూసుకుంటారు. పెండ్లి తరువాత వెళ్ళే ప్రయాణము మాత్రం చాలా ఇళ్ళలో పెండ్లికుమారుడు, అతని స్నేహితులు కలిసి నిర్ణయిస్తారు. పెండ్లికుమార్తెకు రైలు ఎక్కేదాకా ఊరి పేరే తెలియదు. దీనికి సర్‌ప్రైజ్ అని పేరు. ఆరోగ్యం వైపు నుండి చూస్తే ఇది మంచి పద్ధతి కాదని మా అభిప్రాయము.

మొదట ఊరి సంగతి చూద్దాము. ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో మన ఊళ్ళు మండిపోతున్నా అక్కడ రాత్రికి స్వెట్టరు కావాలి. ఆస్తమా ఉన్నవారికి ఆ చలిగాలి పడకపోవచ్చు. వారి ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో ఉండాలి. ఈమధ్య లడఖ్ వెళ్ళాలని ముచ్చటపడేవారు ఎక్కువయ్యారు. లేహ్ పట్టణము సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. విమానం దిగిన రోజే తిరగడం మొదలుపెడితే తలనొప్పి, వాంతులు, ఆయాసము రావచ్చు. మొదటి రెండు రోజులు గదిలో విశ్రాంతి తీసుకోవాలి. నాలుగు రోజుల సెలవు పెట్టినవారికి ఇక మిగిలేది ఎంత? అరకు మనకు దగ్గరే, ఖర్చూ తక్కువే. అయితే ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉంటుంది. దోమతెర లేని గదిలో పడుకోవద్దు. తిరిగి వచ్చిన కొన్ని వారాలలో చలిజ్వరం వస్తే, అరకు వెళ్ళివచ్చామని డాక్టరుకు తప్పక చెప్పండి. పాపికొండలకు పడవలో వెళ్ళేవారు 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదాన్ని మరువకండి. ఫోటోల కోసం లైఫ్ జాకెట్ విప్పవద్దు.

ఇంతకన్నా ముఖ్యమైనది మందుల విషయము. మూర్ఛ, ఆస్తమా, షుగరు, థైరాయిడ్ వంటివి ఉన్న సంగతి పెండ్లి చూపులలో దాచిపెట్టే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. "పెండ్లయ్యాక మెల్లగా చెప్పవచ్చులే" అని పెద్దలు అంటారు. ఫలితం ఏమిటంటే, ఆ అమ్మాయి గాని అబ్బాయి గాని హోటలు గదిలో మాత్ర వేసుకోవడానికి భయపడతారు. మూర్ఛ మాత్రలు ఒకటి రెండు రోజులు మానడము, దానికి తోడు పెండ్లి హడావుడిలో నిద్ర లేకపోవడము - ఈ రెండూ కలిస్తే ఫిట్స్ వచ్చే అవకాశము ఎంతో పెరుగుతుంది. తెలియని ఊరిలో, పది రోజుల క్రితం పెండ్లాడిన భర్త చేతుల్లో భార్య కొట్టుకుంటుంటే అతను ఏమనుకుంటాడు? పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలని అతనికి ఎవరు చెప్పారు? మూర్ఛ ఉన్నవారు పెండ్లి చేసుకోవచ్చు, బిడ్డలను కనవచ్చు. హిందూ వివాహ చట్టంలో, స్పెషల్ మ్యారేజ్ యాక్టులో అడ్డుగా ఉండిన "మూర్ఛ" అనే మాటను కూడా 1999లోనే తీసివేశారు. కాని వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మందులు గర్భములోని బిడ్డకు హాని చేయగలవు. కొన్ని మూర్ఛ మందులు గర్భనిరోధక మాత్రల పనిని తగ్గిస్తాయి. అందుకని ముందుగానే డాక్టరును కలవాలి. మాత్రలు తమంతట తామే మానకూడదు.

బిడ్డ వెంటనే కావాలా, కొంతకాలం ఆగాలా అన్నది కూడా ప్రయాణానికి ముందే మాట్లాడుకోవలసినదే. అత్తగారు, ఆడబడుచు చెప్పేది వినండి, నిర్ణయము మాత్రం మీ ఇద్దరిదే. ఆగాలనుకుంటే నిరోధ్ ఉంది, మాత్రలు ఉన్నాయి. మాత్రలు నెలసరి మొదలైన ఐదు రోజులలోపు ప్రారంభించాలి. బి.పి., మైగ్రేన్ ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు. 72 గంటలలోపు వేసుకునే అత్యవసర మాత్ర, పేరుకు తగ్గట్టు, అత్యవసరానికే. పెండ్లి రోజుకు బహిష్టు రాకుండా వేసుకునే మాత్ర గర్భాన్ని ఆపదు. ఈ రెండింటినీ ఒకటే అనుకునేవారు ఉన్నారు. బిడ్డ కావాలనుకునేవారు కనీసం ఒక నెల ముందు నుండి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి.

క్రొత్తగా పెండ్లయిన స్త్రీలకు మూత్రంలో మంట, మాటిమాటికి వెళ్ళాలనిపించడము తరచుగా వస్తాయి. ఇది సుఖవ్యాధి కాదు. దీని పేరున భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవడము మాకు చాలా బాధ కలిగిస్తుంది. కలయిక సమయంలో క్రిములు మూత్రనాళంలోకి చేరడమే కారణము. కలయిక తరువాత మూత్రము పోసుకోవాలి, నీళ్ళు బాగా త్రాగాలి. బస్సు ప్రయాణములో మరుగుదొడ్డి ఉండదని నీళ్ళు మానేయడము మన స్త్రీల అలవాటు. భర్తే చొరవ తీసుకొని బస్సు ఆపమని డ్రైవరుకు చెప్పవచ్చు, ఇందులో నామోషీ లేదు. చలితో జ్వరము, నడుము ప్రక్కన నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

మొదటి రాత్రే అన్నీ జరిగిపోవాలనే నియమము ఏదీ లేదు. పెండ్లి అలసట తీరడానికే రెండు రోజులు పడుతుంది. ఒకరికి ఇష్టము లేనప్పుడు మరొకరు ఆగాలి. మొదటిసారి రక్తము కనబడని స్త్రీలు ఎందరో ఉన్నారు, దానిని బట్టి ఎవరి శీలమునూ నిర్ణయించలేము.

ఖర్చు గురించి ఒక్క మాట. అప్పు చేసి దూరము వెళ్ళేకన్నా ఋషికొండలోనో, హార్స్‌లీ కొండమీదనో మూడు రోజులు ఉండి రావడము మేలు.

ప్రకటనలు మొదలైన వారములోనే ఇద్దరూ కలిసి మా ఓ.పి.కి రావచ్చు. వాడుతున్న మందుల చీటీలు, పాత రిపోర్టులు తెచ్చుకోండి. విడివిడిగా మాట్లాడాలని కోరితే అలాగే చూస్తాము.