గుత్తికోయ ఆవాసాల్లో పూర్వప్రాథమిక విద్య: తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్ల పరస్పర సహకారం

1. ఉపోద్ఘాతం

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం ప్రారంభమైన తరువాత, అక్కడి హింసకు తాళలేక బస్తర్ ప్రాంతపు ఆదివాసీ కుటుంబాలు అనేకం గోదావరి పరీవాహక అడవులకు తరలివచ్చాయి. తెలంగాణలో వీరిని గుత్తికోయలంటారు. భూపాలపల్లి, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో వీరి ఆవాసాలున్నాయి. దేశ సరిహద్దు దాటలేదు కనుక, 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకారం వీరు శరణార్థులు కారు, అంతర్గత నిర్వాసితులు. అయినా పసిపిల్లలను అపరిచిత వ్యవస్థకు అప్పగించవలసిన తల్లిదండ్రుల సంకోచం ఇరువురిలోనూ ఒక్కటే. ఆ సంకోచాన్ని అంగన్‌వాడీ టీచరు ఎలా తొలగించగలదో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. నమోదు - భయం

ఈ ఆవాసాలు చాలావరకు అటవీ భూముల్లో ఉన్నాయి. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ అధికారులు గుత్తికోయల ఇళ్లను కూల్చివేశారు. ఇటువంటి అనుభవమున్న చోట, టీచరు సర్వే రిజిస్టరుతో వచ్చి పేర్లు, ఆధార్ వివరాలు అడిగితే అది ఖాళీ చేయించడానికి తీసే లెక్కగా తోచవచ్చు. తల్లిదండ్రుల మౌనాన్ని చదువుపట్ల నిరాసక్తతగా భావించడం పొరపాటు. వివరాలు ఎందుకు రాసుకుంటున్నదీ ముందుగా కులపెద్దల సమక్షంలో చెప్పడం సహకారానికి తొలిమెట్టు.

ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి కేంద్రం లేని ఆవాసాలు కోరితే, మూడు నెలల్లో అంగన్‌వాడీ ఏర్పాటు చేయాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ హక్కును తల్లిదండ్రులకు తెలియజేయగలిగినది కూడా టీచరే. కేంద్రం లేని చిన్న గుంపుల పిల్లలు పొరుగూరి కేంద్రానికి నడవాలి. వాగులు పొంగే రోజుల్లో వారిని ఎవరు దాటించాలన్నది ఇరుపక్షాలూ కలిసి నిర్ణయించుకోవలసిన విషయం.

3. ఇంటిభాష

కోయభాషలో ‘ఏరు’ అంటే నీరు. దాహమై ‘ఏరు’ అన్న పిల్లవాడు వాగు గురించి చెబుతున్నాడని తెలుగు టీచరు అనుకోవచ్చు. రెండుమూడుసార్లు అడిగి నీళ్లు దొరకని పిల్లవాడు ఇక అడగడు. మరునాడు కేంద్రానికి రానంటాడు. నీళ్లు, ఆకలి, నొప్పి, బయటికి వెళ్లడం వంటి నిత్యావసర పదాలను తల్లుల దగ్గర టీచరు నేర్చుకుంటే ఈ చిక్కు తీరుతుంది. అంతేకాక, తల్లి నేర్పేవారి స్థానంలోకి వస్తుంది. వీలైన చోటల్లా ఇంటిభాషలోనే బోధించాలన్న 2020 జాతీయ విద్యావిధానపు ఆశయం ఆచరణలోకి రావడానికి ఇదొక సులభమార్గం.

4. భోజనవేళ - సమావేశం

మిరప కోతలు, ఇప్పపూల సేకరణ, తునికాకు కోత ఉన్న నెలల్లో పెద్దలు పొద్దున్నే పనికి వెళ్తారు. పగటి సమావేశానికి రాలేకపోవడం వారి నిర్లక్ష్యం కాదు. 2015 జనవరి 1న ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులు, బాలింతలు కేంద్రంలోనే భోజనం చేస్తారు. తల్లితో పిల్లవాడి గురించి తీరికగా మాట్లాడటానికి ఆ వేళ అనువైనది. తక్కినవారిని సాయంత్రం గుడిసెల దగ్గరే కలవాలి.

5. ముగింపు

తల్లిదండ్రులకు అవగాహన కల్పించడంతోనే సహకారం ఏర్పడదు. టీచరు వారి భయాన్ని, భాషను, పనివేళలను తెలుసుకోవాలి. ఆ బాధ్యత ఆమె ఒక్కరిది కాదు. కోయ తెలిసిన ఆయాను నియమించడం, ఇళ్ల సందర్శనకు సమయం కేటాయించడం శాఖ చేయవలసిన పనులు.