కోటి రూపాయల ప్రశ్న

ప్రశ్నోత్తరాల పరీక్ష మన సాహిత్యానికి కొత్త కాదు. మహాభారతంలోని అరణ్యపర్వంలో యక్షుడు ధర్మరాజును ప్రశ్నల పరంపరతో పరీక్షిస్తాడు. కడపట, పడివున్న నలుగురు తమ్ముళ్ళలో ఒక్కనినే బ్రతికిస్తాను, ఎవరు కావాలో కోరుకొమ్మంటాడు. ధర్మరాజు నకులుని కోరుకొన్నాడు. అక్కడ కావలసినది పాండిత్యం కాదు, ధర్మబుద్ధి. నేటి టెలివిజన్ క్విజ్ కార్యక్రమాలలో కడపటి ప్రశ్న స్వభావం వేరు.

1998లో బ్రిటన్‌లో ఆరంభమైన ఒక కార్యక్రమం 2000లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ పేర హిందీలోనికి, 2014లో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ పేర తెలుగులోనికి వచ్చింది. మెట్టు పెరిగిన కొద్దీ బహుమతి పెరుగుతుంది. చివరి మెట్టుపై నిలిచినవానికి రెండే దారులు: అంతవరకు గెలిచిన సొమ్ముతో విరమించడం, లేదా తెగించి సమాధానం చెప్పడం. తప్పితే ఆ సొమ్ములో పెద్ద భాగం చేజారుతుంది. ప్రశ్న కూర్చేవారి నేర్పు ప్రశ్నలో కంటె, దానితోపాటు ఇచ్చే నాలుగు సమాధానాల పొందికలో ఉంటుంది. నాలుగూ ఒకే కోవకు చెందినవైతే సగం తెలిసినవాడు తడబడక తప్పదు.

2021 నవంబరులో ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ కార్యక్రమంలో తెలంగాణ పోలీసు శాఖకు చెందిన ఒక సబ్ ఇన్‌స్పెక్టరు కోటి రూపాయల ప్రశ్నను ఎదుర్కొన్నారు. 1956 నాటి రాష్ట్రాల పునర్విభజన చట్టానికి దారితీసిన కమిషన్‌కు అధ్యక్షులెవరు? ఇచ్చిన పేర్లలో మండల్, సర్కారియా వంటివి ఉన్నాయి. అవీ కమిషన్ల పేర్లే. అయితే మండల్ కమిషన్ వెనుకబడిన తరగతులను గూర్చినది, సర్కారియా కమిషన్ కేంద్ర రాష్ట్ర సంబంధాలను గూర్చినది. ఫజల్ అలీ అని చెప్పి ఆయన కోటి రూపాయలు గెలుచుకొన్నారు. తెలంగాణను తొలుత ప్రత్యేక రాష్ట్రంగానే ఉంచాలని సిఫారసు చేసినది ఆ కమిషనే కావడం గమనింపదగినది.

క్విజ్‌లో ఒక్క పేరుతో ముగిసిన ఈ విషయం కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఉరుకుంద వంటి గ్రామాలకు ఊరి హద్దులను, సాగునీటిని గూర్చినది. ఆదోని ప్రాంతం పూర్వం మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు బళ్ళారి జిల్లా చీలిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగిలినవి మైసూరుకు వెళ్ళాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరాయి. అదే ఏడాది డిసెంబరులో ఏర్పడిన ఫజల్ అలీ కమిషన్ ఈ తగవును మళ్ళీ పరిశీలించింది. హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ అందులో సభ్యులు. భాష ఒక్కటే కొలమానం కారాదని భావించిన కమిషన్, తుంగభద్ర ప్రాజెక్టును దృష్టిలో ఉంచుకొని బళ్ళారి, హొస్పేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రకు ఇవ్వాలని 1955లో సూచించింది. ఆ సూచన అమలు జరిగివుంటే సరిహద్దు ఉరుకుందకు మరింత దూరం జరిగేది. అది జరుగలేదు. ఆనకట్ట హొస్పేట వద్దనే ఉన్నది. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలను తడిపే దిగువ కాలువ కన్నడ సీమను దాటి వస్తుంది. నీటి పంపకాన్ని తుంగభద్ర బోర్డు చూస్తుంది.

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామిని దర్శించుటకు హద్దుకు ఇరువైపుల నుండి భక్తులు వస్తారు. గుడి ముంగిట తెలుగు, కన్నడం రెండూ వినిపిస్తాయి.