ఫస్టు డికాషన్

మా పెళ్లై ముప్పై రెండేళ్లు. ఇంట్లో ఐదుగురం, రోజుకు రెండుసార్లు కాఫీ. లెక్కేస్తే నేను కలిపిన కాఫీలు లక్ష దాటుంటాయి. అందులో ఫస్టు డికాషన్‌తో నా కోసం నేను కలుపుకున్నవి ఎన్నంటే, నాలుగేళ్ల కిందటి దాకా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నవ్వకండి. మీ ఇంట్లో లెక్క కూడా ఒకసారి వేసి చూసుకోండి.

తాగొద్దని ఎవరూ అనలేదు. మామగారికి, మావారికి, వచ్చినవాళ్లకి చిక్కటిది. ఫిల్టర్‌లో మిగిలిన పిప్పి మీద మళ్లీ కాసిన్ని వేణ్నీళ్లు పోస్తే దిగేది అత్తగారికీ నాకూ. కర్నూల్లో మా అమ్మ అట్లే తాగింది, కడపలో మా అత్తగారూ అట్లే తాగారు, నేనూ అట్లే అలవాటుపడ్డాను. అయినా కాఫీ అంటే నాకు ప్రాణం. పొద్దున గ్లాసు చేతిలో పడకపోతే మధ్యాహ్నానికి తలనొప్పి ఖాయం.

ఇంత ఇష్టం ఉన్నా కాఫీ గురించి నాకు తెలిసింది సున్నా అని మా అమ్మాయి పుణ్యాన తెలిసింది. బెంగుళూరులో ఉద్యోగం. స్నేహితులతో చిక్కమగళూరు పోయి, ఒక తోటలో అర కిలో కాఫీ గింజలు కొనుక్కొచ్చింది. సంచి విప్పితే ఆకుపచ్చగా, గట్టిగా ఉన్నాయి. వాసనే లేదు! మా అత్తగారు చేతిలోకి తీసుకుని, "ఏంది మ్మే, అలసందల మాదిరుండాయి" అన్నారు. పాపం పిల్ల, వేయించనివి కొనేసింది.

పారేయడానికి మనసొప్పలేదు. కాఫీ మొక్క మన దేశానికి వచ్చిందే ఆ కొండలకి కదా. పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి అక్కడ నాటాడని చెప్పుకుంటారు. అంత కష్టపడి ఆయన తెచ్చినవి నేను చెత్తబుట్టలో వేస్తానా?

ఒక ఆదివారం ఇనప బాండ్లి పెట్టి వేయించాను. మంట పెద్దది పెట్టాను, మధ్యలో ఫోన్ వస్తే మాట్లాడుతూ నిలబడ్డాను. వంటిల్లంతా పొగ. పక్కింటామె గోడ మీంచి "ఏమైంది వదినా?" అని కేకేసింది. పైన బొగ్గు, లోపల పచ్చి. మొదటి బాండ్లి అట్లా తగలబడింది.

రెండోసారి మాత్రం బుద్ధిగా చేశాను. మన సీమ ఆడవాళ్లకి ఒక సౌకర్యం ఉంది చూడండి. కర్నూలు వైపు బుడ్డలంటాం, కడపలో శెనక్కాయలంటారు, పేరేదైతేనేం, ఆ విత్తనాలు వేయించి వేయించి చిటపట వినగానే ఎప్పుడు దించాలో మన చెవికే తెలిసిపోతుంది. కాఫీ గింజలకీ కావాల్సింది ఆ చెవే. నూట యాభై గ్రాములకు మించి వేయకండి. మధ్యరకం మంట. చెయ్యి ఆపకుండా తిప్పుతూ ఉండాలి. ముందు పచ్చదనం పోయి పసుపు రంగు తిరుగుతుంది, ఎండుగడ్డి వాసన వస్తుంది. తర్వాత పెనం మీద జొన్నరొట్టె కాలే వాసన. ఎనిమిది, తొమ్మిది నిమిషాలకు గింజ లోపలి ఆవిరి, వాయువు తన్నుకుని పటపటమని పేలతాయి. అదే మొదటి చిటపట. లేత రంగు కావాలంటే అది ఆగగానే దించేయొచ్చు. పాలు పోసుకునే మన ఫిల్టర్ కాఫీకి ఇంకో రెండు నిమిషాలు ఉంచి, సన్నగా రెండో చిటపట మొదలవుతూనే దించాలి. అంతకు మించితే నూనె పైకి తేలి మాడు చేదు వస్తుంది.

దించింది బాండ్లిలోనే వదిలేయకూడదు, ఆ వేడికి ఇంకా మాడుతుంది. చేటలో పోసి చెరిగితే చల్లారుతుంది, పొట్టు కూడా ఎగిరిపోతుంది. ఈ పని ఆరుబయటే చేయండి, నేను ఇంట్లో చేసి రెండు రోజులు పొట్టు ఊడ్చుకున్నాను. కిలో గింజలు వేయిస్తే ఎనిమిది వందలు, ఎనిమిదిన్నర వందల గ్రాములే మిగులుతాయి. మొదటిసారి తూకం చూసి ఎవరో తీసుకున్నారనుకున్నాను! తగ్గింది చాలావరకు గింజలోని తేమే. మరో మాట, వేయించిన రోజే పొడి కొట్టకండి. లోపలి వాయువు పోవడానికి ఒక రోజన్నా ఆగాలి. మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి, బొంబాయి రవ్వ కంటే కాస్త మెత్తగా ఉంటే చాలు. మన ఎండలకి పొడి తొందరగా వాసన పోతుంది కాబట్టి నేను వారానికి సరిపడానే కొడతాను. మే నెలలో అయితే వేయించే పని తెల్లవారుజామున ఐదుకే. తర్వాత పొయ్యి దగ్గర నిలబడటం మన వల్ల కాదు.

ఇంతా చేస్తే కాఫీ ఎట్లా ఉండాలి? అద్భుతంగా ఉండాలి. కానీ మా ఇంట్లో చప్పగా, సుద్ద కలిపినట్టు ఉండింది. అదే పొడి డబ్బాలో పెట్టుకుని కర్నూల్లో మా అన్న ఇంటికి పోయాను. మా వదిన ఫిల్టర్‌లో వేసి పాలు కలిపి ఇచ్చింది. ఒక్క గుటక వేసి ఆగిపోయాను. ఇది నా పొడేనా?

తేడా నీళ్లది. వాళ్ల కొళాయిలో వచ్చేది తుంగభద్ర. మా ఇంట్లో బోరు నీళ్లు, గిన్నె అడుగున తెల్లగా గార కట్టేవి. సుంకేసుల దగ్గర అదే తుంగభద్రలో మొదలై 1860ల్లో తవ్విన కె.సి. కెనాల్ నంద్యాల మీదుగా మా కడప దాకా వస్తుంది. వరికి అందే ఆ నీళ్లు నా ఫిల్టర్‌కి అందలేదు, ఏం చేస్తాం! గట్టి నీళ్లలోని లవణాలు కాఫీలోని సన్నటి పులుపుని చంపేస్తాయట. సరే, మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు వాడి చూశాను. ఈసారి పల్చగా, పుల్లగా! లవణాలు బొత్తిగా లేకపోయినా రుచి దిగదు. చివరికి కుదిరింది ఇది: బోరు నీళ్లు బాగా మరిగించి, చల్లార్చి, గార అడుక్కి దిగాక పైన తేట వంచుకుని, అందులో సగానికి సగం క్యాన్ నీళ్లు కలపడం. మా నాలుగు కప్పులకు ముప్పై గ్రాముల పొడి, రెండు వందల మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి పోస్తాను. కొలతలన్నీ పాత డైరీలో రాసిపెట్టుకున్నాను. చాకలి పద్దు తర్వాత నేను పద్దు రాసింది దీనికే.

ఈ పిచ్చిలో పడ్డాక చిక్కరీ సంగతీ తెలిసింది. ఇది కాఫీ కాదు, ఒక మొక్క వేరు. వేయించి పొడి కొడతారు. కెఫీన్ ఉండదు, రంగు మాత్రం దండిగా వస్తుంది. చిక్కరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలని మన దేశంలో నిబంధన ఉంది. మేం ఏళ్ల తరబడి వాడిన ప్యాకెట్ వెనక సన్నక్షరాలు చదివితే, 'కాఫీ 53, చిక్కరీ 47'. చిక్కదనం కోసం కలుపుకోవడం తప్పేం కాదు, మా వదినకి అదే ఇష్టం. తెలిసి కొనుక్కోవాలని నా గోల. విడిగా అమ్మే పొడి మీద అనుమానమొస్తే గ్లాసు చన్నీళ్ల మీద చిటికెడు చల్లండి. కాఫీ తేలుతూ ఉంటుంది. చిక్కరీ గోధుమరంగు చారలు వదులుతూ మునిగిపోతుంది.

చిక్కమగళూరు గింజలు అయిపోయాక అరకు గింజలు తెప్పించాను. మన విశాఖ మన్యంలో గిరిజన రైతులు మిరియాల తీగలు పాకిన చెట్ల నీడన పండించే అరబికా ఇది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ పేరుతోనే దుకాణం తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్ వాళ్లు తాగుతున్నదాన్ని కడప బాండ్లిలో వేయిస్తున్నానని మావారి దగ్గర కొంచెం గొప్పలు పోయాను. ఆయన పేపర్ దించకుండానే "పంచదార తగ్గింది" అన్నారు.

ఇక అత్తగారి సంగతి. మామగారు పోయి ఆరేళ్లు. ఆయన భాగం చిక్కటి డికాషన్ అప్పటినుంచీ మిగులుతూనే ఉంది, సాయంత్రానికి వాడుకుంటున్నాం. మేమిద్దరం మాత్రం రెండోదే. ఒక రోజు పొద్దున్నే అందరికంటే ముందు రెండు గ్లాసులు కలిపి, ఒకటి ఆవిడ చేతికిచ్చాను. ఒక గుటక వేసి మొహం చిట్లించారు.

"చేదుగా ఉండాది మ్మే. రోంత నీళ్లు పొయ్యి."

నాకు చాలా బాధేసింది. ఇంత చేసి, నీళ్లు పోయాలా? పాలే ఇంకాసిని పోశాను. మర్నాడూ అదే మాట. మూడో రోజూ అంతే. నాలుగో రోజు ఏమీ అనలేదు. గ్లాసు ఖాళీ చేసి, దాన్ని అట్లే చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నారు.

"మీ మామ ఇదా తాగుతాండేది ఇన్నేండ్లూ?"

నేనేం చెప్పను?

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండో డికాషన్ దించడం లేదు. పిప్పి కరివేపాకు మొక్కకి పోతుంది. ఒకరికెక్కువ, ఒకరికి తక్కువ లేకుండా అందరికీ ఒకటే. చిక్కటిది కదా అని కప్పులు పెంచకూడదండోయ్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దని చెప్పింది. ఫిల్టర్ కాఫీ ఒక కప్పులోనే 80 నుంచి 120 దాకా ఉంటుంది. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా తాగొద్దని కూడా చెప్పింది, తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వదట. మనలో రక్తం తక్కువున్నవాళ్లే ఎక్కువ కదా. నేను అన్నం తినగానే తాగే అలవాటు దీంతోనే మానుకున్నాను. కష్టంగానే మానుకున్నాను.

వాసన వీధిలోకి పోతుంటే అడిగేవాళ్లు మొదలయ్యారు. అమ్మొచ్చు కదా అంటారు. అమ్మకమంటే రిజిస్ట్రేషన్లు, బిల్లులు... ఓపిక ఉన్నవాళ్లు తప్పకుండా చేయండి, నాకు మాత్రం ఇష్టమైన పని కాస్తా మళ్లీ డ్యూటీ అయిపోతుందని భయం. అందుకే గింజలు ఎవరివి వాళ్లు తెచ్చుకుంటారు, శుక్రవారం పొద్దున మా మిద్దె మీద వేయించుకుంటాం. ఒకామె జొన్నపిండి తెస్తుంది, ఒకామె పెరట్లో కాసిన నిమ్మకాయలు. పక్కింటామె నా చేతిలో గరిటె లాక్కుని తనే వేయిస్తోంది ఇప్పుడు.

మా అత్తగారికి ఎనభై దాటాయి. మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కలేరు. చేట కిందికి తెచ్చి ఒళ్లో పెడితే చాలు, నాలుగు గింజలు నలిపి వాసన చూసి తీర్పు చెప్పేస్తారు. పోయిన వారం కూడా అంతే.

"తొందరపన్నారు మ్మే. ఇంగ రోంచేపు ఉండల్ల."