కల్పిత కురాజ్యములలో కుటుంబము – ఋణత్రయదృష్టి

ఆంగ్లమున ‘డిస్టోపియా’ అని వ్యవహరింపబడు నవలాభేదమును మనము ‘కురాజ్యకథ’ యనవచ్చును. ప్రజాహితమను మిషతో ప్రజల జీవితమునంతను వశపరచుకొన్న రాజ్యము ఇందు వర్ణ్యము. ఇట్టి రాజ్యములు తఱచుగా మొదట కుటుంబముపైననే చేయివేయును. దీనికి హేతువేమి?

ఈ విచారమున తైత్తిరీయసంహితలోని ఋణత్రయభావము ఉపకరించును. ద్విజుడు పుట్టుకతోడనే ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడినవాడని ఆ శ్రుతితాత్పర్యము. దీనిని విస్తరించి చూచినచో, మనుష్యుడు రాజునకు లోబడుటకు పూర్వమే మఱికొందఱికి బద్ధుడై యున్నాడని తేలును. కురాజ్యము సహింపజాలనిది ఈ పూర్వఋణమునే. దానిని తెంచుటకు రెండు మార్గములు కలవు: రూపనాశము, సారనాశము.

రూపనాశమునకు రష్యన్ రచయిత జమ్యాతిన్ 1920–21లో రచించిన ‘మేము’ అను నవల నిదర్శనము. అందు మనుష్యులకు పేర్లు లేవు, సంఖ్యలే కలవు. స్త్రీపురుష సమాగమమునకు గులాబిరంగు చీటి కావలెను. మాతృత్వమునకు నిర్ణయించిన ఎత్తు లేని ఓ-90 అను స్త్రీ నియమమును మీఱి గర్భవతియై, శిశురక్షణకై ప్రాకారము దాటిపోవును. హక్స్లీ 1932లో ప్రకటించిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో శిశువులు సీసాలలో పెరుగుదురు, ‘తల్లి’ యను మాట అశ్లీలముగా ఎంచబడును.

సారనాశము ఇంతకంటె సూక్ష్మమైనది. ఆర్వెల్ 1949 నాటి నవలలో వివాహము కలదు, గృహము కలదు, సంతానమును కలదు. కాని వధూవరులయందు పరస్పరాకర్షణ కనబడినచో పార్టీ సభ్యుల వివాహమునకు అనుమతి లభింపదు. పార్సన్స్ అను గృహస్థు నిద్రలో పలికిన రాజద్రోహవాక్యమును కుమార్తె విని రక్షకభటులకు తెలుపగా, అతడు చెఱసాలయందును ఆమెను మెచ్చుకొనును. లోయిస్ లౌరీ ‘ది గివర్’ (1993)లో ఒక్కొక్క కుటుంబమునకు ఒక బాలుడు, ఒక బాలిక ఒసగబడుదురు. ఎదిగిన పిమ్మట వారికి జననీజనకులతో సంబంధముండదు. ‘పితామహుడు’ అను భావమే అచ్చట లేదు. పితృఋణము ఒక తరమునకే అంతరించినది.

మన శాస్త్రములును వివాహసంతానములను నియమింపలేదా యను ఆక్షేపము రావచ్చును. దానిని దాటవేయరాదు. మనుస్మృతి నవమాధ్యాయము నియోగమును విధించి, తోడనే నిందించినది. మార్గరెట్ అట్‌వుడ్ 1985లో వ్రాసిన ‘ది హాండ్‌మెయిడ్స్ టేల్’లో పాలకులు రాహేలు దాసియగు బిల్హా కథను ప్రమాణముగా చూపి, పరస్త్రీలచే తమకు సంతానమును కనిపింతురు. నాయికకు స్వనామము లేదు. ‘ఫ్రెడ్‌కు చెందినది’ అను అర్థమిచ్చు పేరే కలదు. కావున ప్రమాణవాక్యము చేతనున్నంతమాత్రమున రాజ్యము సురాజ్యము కాజాలదు.

మఱి భేదకలక్షణమేది? నియమము ఒకరికొకరు పడిన ఋణమును నిలుపుచున్నదా, లేక దానిని రాజునకు మఱలించుచున్నదా యనునదే. భార్యాపుత్రులకు జీవనోపాధి కల్పింపక సన్న్యసించువానికి కౌటిల్యుడు దండము విధించెను. అచ్చటను రాజ్యము గృహమున ప్రవేశించినది. అయితే గృహస్థుని ఋణము గృహస్థునియందే నిలిచినది. పై నవలలలో బిడ్డ రాజ్యమునకే ఋణపడును, తల్లికి కాదు. శాసనమేదైనను, అది మనదైనను పరులదైనను, ఈ ఒరిపిడిరాతిపై గీచి చూడవలసియున్నది.