తోట్లవల్లూరు అని పంపడానికి ఎన్ని సెకన్లు?

కృష్ణా జిల్లాలోని తోట్లవల్లూరు అనే ఊరి పేరుని ఇంగ్లీషులో రాస్తే 13 అక్షరాలు. ఆ పేరుని మోర్స్ కోడ్‌లో, అంటే చిన్నా పెద్దా శబ్దాలతో అక్షరాలు పంపే పద్ధతిలో, నిమిషానికి 8 మాటల వేగంతో పంపితే 19 సెకన్లు పడుతుంది. 12 మాటల వేగానికి 12.7 సెకన్లు, 20 మాటల వేగానికి 7.6 సెకన్లు చాలు. హామ్ రేడియో, అంటే ప్రభుత్వ లైసెన్సుతో సొంతంగా నడుపుకునే రేడియో కేంద్రం, నేర్చుకునేవాళ్లు చాలామంది ఆ 19 సెకన్ల దగ్గరే నెలల తరబడి ఆగిపోతారు. వాళ్ల చెవిలో లోపం ఉండదు, మొదలుపెట్టిన పద్ధతిలోనే ఉంటుంది.

అసలు ఈ 8 ఎక్కడిది? మన దేశంలో జనరల్ గ్రేడు లైసెన్సు పరీక్షకి పెట్టిన వేగం అది. ఐదు నిమిషాల్లో 200 అక్షరాలు వినిపిస్తారు, విని రాయాలి. అంటే నిమిషానికి 40, ఒక్కో అక్షరానికి ఒకటిన్నర సెకను. మోర్స్ వద్దనుకుంటే రెస్ట్రిక్టెడ్ గ్రేడు ఉంది, దానికి ఈ పరీక్ష లేదు.

మాటలన్నీ ఒకే పొడవు ఉండవు కదా, మరి వేగం ఎలా కొలుస్తారు? అందుకు పారిస్ అనే ఊరి పేరుని కొలమానంగా పెట్టుకున్నారు. చిన్న శబ్దం డిట్, పెద్దది డా. డిట్ ఒక పాలు, డా మూడు పాళ్లు. అక్షరంలోని శబ్దాల మధ్య ఒక పాలు, అక్షరాల మధ్య మూడు, మాటల మధ్య ఏడు పాళ్ల నిశ్శబ్దం. ఈ లెక్కన పారిస్ అన్న మాట సరిగ్గా 50 పాళ్లు. అందులో అక్షరాలవి 31, అక్షరాల మధ్యా మాట చివరా ఉండే ఖాళీలవి 19. కిటుకంతా ఈ 19లో ఉంది.

8 మాటల వేగంలో డిట్ 150 మిల్లీసెకన్లు. క్యూ అనే అక్షరం (డా డా డిట్ డా) పూర్తవడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో బుర్ర ఊరుకోదు: రెండు డాలు, ఒక డిట్, మళ్లీ డా అని లెక్కపెట్టి, మనసులోని పట్టికలో వెతుకుతుంది. నెమ్మదిగా ఉన్నంతసేపు ఆ వెతుకులాట సాగుతుంది. వేగం పదికి చేరేసరికి లెక్కకి సమయం చాలదు, అక్కడ బండి ఆగిపోతుంది. ఉత్పలమాల చెవిన పడగానే పద్యం తెలిసినవాళ్లు నడకని బట్టి పోల్చుకుంటారు. భ, ర, న, భ, భ, ర, వ అని గణాలు లెక్కపెట్టి తేల్చుకోరు. మోర్స్ అక్షరాన్నీ అలా నడకతోనే పట్టాలి.

జర్మన్ మనస్తత్వవేత్త లుడ్విగ్ కాఖ్ 1930లలో చెప్పిన మార్గం ఇదే. అక్షరాలన్నీ ఒకేసారి నెమ్మదిగా నేర్చుకోవద్దు. రెండే అక్షరాలు, కానీ పూర్తి వేగంతో వినండి. వందలో 90 సరిగ్గా పడ్డాక మూడోది కలపండి. దీనికి ఫార్న్స్‌వర్త్ పేరుతో ఉన్న పద్ధతి తోడైంది: అక్షరాన్ని వేగంగానే పంపి, ఖాళీలని మాత్రం సాగదీస్తారు.

లెక్క చూడండి. అక్షరాలు 20 మాటల వేగంలో, మొత్తం మీద వేగం 8 మాటలే ఉండాలి అనుకుందాం. క్యూ ఇప్పుడు 0.78 సెకన్లలో అయిపోతుంది, లెక్కపెట్టే వీలే లేదు. రెండక్షరాల మధ్య ఖాళీ మాత్రం 0.45 నుంచి 0.89 సెకన్లకి పెరుగుతుంది. విన్నది రాసుకోవడానికి రెట్టింపు తీరిక దొరికింది, పరీక్ష వేగం మారలేదు. ఆ తర్వాత వేగం పెంచడమంటే ఖాళీలు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావడమే, అక్షరాలని మళ్లీ నేర్చుకునే పని ఉండదు. ఫోను యాప్‌లలో అక్షర వేగం, మొత్తం వేగం వేర్వేరుగా పెట్టుకోవచ్చు. ఈ రెండూ ఒకటే చేసి 5 మాటల దగ్గర మొదలుపెట్టడం వృథా శ్రమ అని నా గట్టి అభిప్రాయం.

తోట్లవల్లూరు పేరే మంచి అభ్యాసం. అందులో హెచ్ నాలుగు డిట్లు, వి మూడు డిట్లూ ఒక డా, యు రెండు డిట్లూ ఒక డా. ఎక్కువమంది తడబడేవి ఈ మూడే. తడబడే జంటని విడిగా తీసి, ఆ రెండే కలగలిపి వినాలి.

మధ్యలో ఒక అక్షరం జారిపోతే? చిన్న గీత పెట్టి ముందుకి వెళ్లిపోండి. జారినదాని కోసం ఆగితే తర్వాతి మూడూ పోతాయి. రాత కూడా వేగానికి అడ్డే: 20 మాటలంటే నిమిషానికి 100 అక్షరాలు. అంత వేగంలో పెద్దబడి అక్షరాలు పొడిపొడిగా రాసే చెయ్యి అందుకోలేదు, కలిపిరాత అలవాటు చేసుకోవాలి. రోజూ ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట చాలు. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే చెవి అలిసిపోతుంది తప్ప అక్షరం నిలవదు.

సెల్‌ఫోన్ల కాలంలో ఇదంతా దేనికి అని అడుగుతారు. విపత్తులో ఆ సెల్‌ఫోన్లే పనిచెయ్యకపోవచ్చు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకి వచ్చిన రోజు కృష్ణా నది లంక ఊళ్లవాళ్లు ఎవరూ ఈ ప్రశ్న వేసి ఉండరు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఉన్న హామ్ (హామ్ రేడియో నడిపేవారిని అలా పిలుస్తారు) భారతీ ప్రసాద్ బృందం రేడియో మీదే అక్కడి కబుర్లు బయటికి చేరవేసింది. అత్యవసరంలో ఎక్కువగా వాడేది మాటే, నిజం. అయితే మాటకి సుమారు 2,400 హెర్ట్జ్ వెడల్పు దారి కావాలి. మోర్స్‌కి 150 చాలు. శక్తి అంత ఇరుకు దారిలో కుదురుకుంటుంది కనుక చిన్న ఎల్ఈడీ బల్బుకి చాలే 5 వాట్లతో, బ్యాటరీ మీద నడుస్తూ, మాట అందని చోటికి కూడా మోర్స్ అందుతుంది.

వినడం, యాప్‌లో కీ కొట్టి సాధన చెయ్యడం ఇంట్లో చేసుకోవచ్చు. గాలిలోకి పంపాలంటే మాత్రం లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు వచ్చాక ఒక నియమం పెట్టుకోండి: వినగలిగినదానికన్నా వేగంగా పంపొద్దు. అవతలి హామ్ మీ వేగం చూసే, అదే వేగంతో జవాబిస్తారు. అప్పటికీ అందకపోతే క్యూఆర్ఎస్ అని పంపండి, ‘నెమ్మదిగా పంపండి’ అని దాని అర్థం. అనుభవమున్న హామ్‌లు వెంటనే వేగం తగ్గిస్తారు.