మహారాకెట్టు పరీక్షయు, అనుమతుల జాప్యమును



అమెరికా దేశమున, టెక్సాస్ రాష్ట్రపు దక్షిణాగ్రమున, మెక్సికో సింధుశాఖ యొడ్డున బోకా చికా యను ప్రదేశము కలదు. అచ్చట స్పేస్‌ఎక్స్ అను సంస్థ స్టార్‌షిప్ అను మహారాకెట్టును నిర్మించి పరీక్షించుచున్నది. దాని యెత్తు సుమారు 120 మీటర్లు. ఇంధనము నిండినపుడు బరువు సుమారు 5,000 టన్నులు. అడుగుభాగమున 33 యంత్రములు మండును. ఇంతటి వస్తువును ఎవరును తమ యిష్టానుసారము ఎగురవేయుటకు వీలులేదు. ఆ దేశపు ఫెడరల్ విమానయాన శాఖ అనుమతి నీయవలయును. అనుమతికై వేచియుండు కాలము వ్యర్థమా, సార్థకమా? నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

ముందుగా పూర్వపక్షమును వినుడు. యంత్రమును నిర్మించుటకంటె కాగితములు కదలుటకే యెక్కువ కాలము పట్టుచున్నదని ఆ సంస్థవారు 2024 లో బహిరంగముగా మొఱపెట్టిరి. ఈ మాటలో సత్యము లేకపోలేదు. పరిసరములకు కలుగు మార్పులను గూర్చిన చిత్తునివేదిక 2021 సెప్టెంబరులో వెలువడెను. దానిపై 18,000 లకు పైగా అభిప్రాయములు వచ్చెను. ఆ యేటి చివర ముగియవలసిన విచారణ పలుమారులు వాయిదాపడి 2022 జూన్ 13 న ముగిసెను. 75 కు పైగా షరతులు విధింపబడెను. ఎగురుటకు అనుమతి 2023 ఏప్రిల్ 14 న గాని రాలేదు.

అయినను జాప్యమంతయు కాగితములదే యనుట పొరపాటు. అనుమతి చేత నుండగనే, ఏప్రిల్ 17 న, కవాట మొకటి చలికి గడ్డకట్టినట్లు కనబడుటచే ప్రయోగము నిలిచిపోయెను. ఆనాడు ఆపినవాడు అధికారి కాడు.

ఏప్రిల్ 20 న రాకెట్టు లేచెను. మూడు యంత్రములు మొదటనే మండలేదు. సుమారు 39 కిలోమీటర్ల యెత్తు చేరిన పిదప అది గతి తప్పి, నాలుగు నిముషములకు గగనముననే ప్రేలిపోయెను. గతి తప్పిన రాకెట్టు తన్ను తానే కూల్చుకొను నేర్పాటు దానిలో కలదు. ఆ యేర్పాటు ఫలించుటకు సుమారు 40 సెకనులు ఆలస్యమయ్యెను. క్రింద కాంక్రీటు వేదిక బ్రద్దలై పెళ్లలు ఎగిరిపడెను. దాని పొడి 10 కిలోమీటర్ల దూరము వ్యాపించెను. సమీపమున మూడున్నర యెకరములు కాలెను.

విచారణ సెప్టెంబరు 8 న ముగిసెను. 63 దిద్దుబాట్లు నిర్ణయింపబడెను. తాము సిద్ధమని సంస్థవారు ప్రకటించిరి. కాని మరి రెండు నెలలు వేచియుండవలసి వచ్చెను. వేదికను కాపాడుటకై క్రిందినుండి నీరు చిమ్ము ఉక్కుపలక నమర్చిరి. ఆ నీటివలన చుట్టునున్న జీవరాశికి హాని కలుగునా యని వన్యప్రాణి శాఖవారు పరిశీలించిరి. వేసవిలో నొక గాలివాన కురియు నీరే అంతకంటె నెక్కువ యని తేలెను. నవంబరు 15 న అనుమతి వచ్చెను. 18 న రాకెట్టు లేచెను. ఈమారు 33 యంత్రములును మండెను, వేదికయు చెక్కుచెదరలేదు. పై భాగము అంతరిక్షము చేరిన పిదప నశించెను.

ఇక సిద్ధాంతము. ఆ 40 సెకనుల ప్రశ్న ప్రాణములకు సంబంధించినది. దానికి ఎంతకాలము పట్టినను తగును. నీటి ప్రశ్నయు అడుగదగినదే. కాని దానికి సమాధానము త్వరగా చెప్పియుండవచ్చును. అడుగుట దోషము కాదు. తేలికప్రశ్నను బరువుప్రశ్నతో సమానముగా నిలిపియుంచుట దోషము.

నా చిన్ననాట మా యూర బావి త్రవ్వుచుండగా బండ అడ్డము వచ్చినది. మందు కూరి ప్రేల్చుటకు పనివారు తొందరపడుచుండిరి. ఊరిపెద్ద మాత్రము, ప్రక్కచేనిలోని పశువులను తోలుకొనిపోవువరకు నిప్పు పెట్టనీయలేదు. ఎండలో నిలిచిన పనివారు విసుగుకొనిరి. ఆ పశువులు వారివి కావు గదా!

ఇక్కడను అట్లే. 2025 జనవరి 16 నాటి యేడవ ప్రయోగమున రాకెట్టు పై భాగము ముక్కలై, టర్క్స్ అండ్ కైకోస్ దీవుల ప్రాంతమున శకలములు రాలెను. విమానములను దారి మళ్లించిరి. ఆ దీవులలో నొక వాహనమునకు స్వల్పనష్టము కలిగెను. ఆ దీవులవారు సంస్థకు వాటాదారులు కారు. అమెరికాలో ఓటు గలవారును కారు. వారి తలపై నేమి పడునో ముందుగా అడుగు బాధ్యత ఆ అనుమతి నిచ్చువానిదే. మే నెలలో తొమ్మిదవ ప్రయోగమునకు ముందు, విమానములకు నిషిద్ధమైన మేరను 885 నాటికల్ మైళ్లనుండి 1,600 కు పెంచి, రద్దీ లేని వేళనే ఎగురవేయుడని శాసించిరి.

కావున పెద్దలారా, జాప్యమును గూర్చి విన్నపుడు ఎన్ని దినములని మాత్రమే అడుగక, ఎవరి కొఱకని కూడ అడుగుడు. క్రింద నున్నవారి కొఱకైనచో ఓర్పు ధర్మము. బల్లమీది కాగితము కదలకపోవుటచే నైనచో దానిని కదలింపుమనుటయు ధర్మమే. సెలవు.