కూరగాయల చాకును ఎన్నుకొనుట

గుమ్మడికాయకు, కందకు కత్తిపీట ఉండనే ఉన్నది. కాని బంగాళాదుంప చెక్కు తీయుటకు, పుచ్చు వంకాయలో చెడిన మేరకే తొలగించుటకు చేతిలో ఇమిడే చిన్న చాకు కావలెను. బ్లేడు 3 లేక 4 అంగుళాలున్న చాలును.

మొద్దు చాకుతో ప్రమాదము లేదనుకొనుట పొరపాటు. పదును లేనిచో బలముగా నొక్కవలసివచ్చును. చాకు జారి వ్రేలు తెగును. చెక్కుతోపాటు కండయు వృథాగా పోవును.

కొనునప్పుడు మెరుపును చూచి మోసపోకండి. పిడిని పట్టి చూడండి. అది తడిచేతిలో జారరాదు. అందులో బ్లేడు కదలరాదు. బ్లేడు తోక పిడి చివరివరకు పోయి, రివెట్లతో బిగించియున్న చాకు ఎక్కువకాలము మన్నును. పిడి మొదట సందులున్నచో మురికి చేరును.

మామూలు ఉక్కు చాకును సులభముగా సానపట్టవచ్చును. కాని నిమ్మకాయ, మామిడికాయ కోసిన వెంటనే కడిగి తుడవనిచో మరకలుపడి తుప్పు పట్టును. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ బెడద తక్కువ. ఏ చాకుకైనను పదును తగ్గక మానదు. కనుక సానరాయి కూడ ఇంట ఉంచుకొనండి.

పండిన టమాటాపై చాకును మెల్లగా లాగండి. కాయ నలగక తోలు తెగినచో పదును సరిపోయినట్లే. పని కాగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పిల్లలకు అందనిచోట ఉంచండి.